శంకుస్థాపనతో పాటే శిక్షణ: నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రిగారికి,



ఉత్తరాంధ్రకు ఇంత పెట్టుబడి ఒకేసారి రావడం మా తరం ఎన్నడూ చూడలేదు. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖ వచ్చి పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు ఒకే రోజు శంకుస్థాపన చేశారు. హైడ్రోజన్ హబ్ ఒక్కదాని మీదే సుమారు లక్షా 85 వేల కోట్ల రూపాయలు పెడతామన్నారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించింది. నక్కపల్లి వైపే మరో పెద్ద ఉక్కు కర్మాగారం వస్తోంది. భోగాపురంలో విమానాశ్రయం లేచింది. ఇవన్నీ రావాలనీ, నిలవాలనీ మనసారా కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మిమ్మల్ని అడగదలచుకున్నది ఒక్కటే. ఈ ప్లాంట్లలో పైపులు అతికేదెవరు? ప్యానెళ్లు బిగించేదెవరు? రాత్రి షిఫ్టులో రియాక్టర్ దగ్గర నిలబడి గేజీలు చూసేదెవరు? మా పిల్లలే అయితే, వాళ్లకు ఆ పని నేర్పడం ఏ రోజు మొదలుపెడుతున్నాం?

నేను ఐటీఐలో వెల్డింగ్ చెప్పినవాణ్ణి, ఏటీవోగా (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌గా) పనిచేసి రిటైరయ్యాను. అందుకని వెల్డరు సంగతే ముందు చెబుతాను. మిగతా ట్రేడులకూ ఇదే వరస.

ఒక హైడ్రోజన్ ప్లాంటులోనో, రిఫైనరీలోనో ప్రెజర్ పైపు అతకాలంటే వెల్డరు ముందు 6జీ టెస్టు పాసవ్వాలి. పైపును నలభై అయిదు డిగ్రీల వాలుగా బిగిస్తారు. దాన్ని తిప్పడానికి వీల్లేదు. పైపు చుట్టూ మనిషే తిరగాలి. అడుగున మొదలుపెట్టినప్పుడు కరిగిన లోహం మీద పడేలా తలపైన ఉంటుంది. పక్కకు వచ్చేసరికి చేతి కోణం మారుతుంది, పైకి చేరేసరికి మళ్లీ మారుతుంది. ఇన్ని మారినా లోపలి అతుకు ఒక్క తీరుగా రావాలి. ముందు ఆర్గాన్‌తో రూట్ పాస్, దాని మీద 7018 రాడ్‌తో ఫిల్లింగ్, చివర క్యాపింగ్. ఆ రాడ్‌ను ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడితే తేమ లోపలికి పోయి, అతుకు చల్లారాక పగులుతుంది. అంతా అయ్యాక ఎక్స్‌రే తీస్తారు. పైన ఎంత నునుపుగా ఉన్నా, లోపల చిన్న గాలిబుడగల వరస కనబడితే జాయింటు కోసెయ్యమంటారు. ఈ చెయ్యి ఎవరికీ మూడు నెలల్లో రాదు. ఐటీఐలో ఏడాది, అంటే 1200 గంటలు. ఆ తర్వాత ఏదో ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా ఏడాది. సైటు మీద పాత వెల్డరు పక్కన నిలబడి ఇంకో ఏడాది, రెండేళ్లు. అప్పుడు గానీ ఒక పిల్లవాడు 6జీ పైపు ముందు ధైర్యంగా కూర్చోడు.

పెద్ద ప్లాంటు కట్టడానికీ దాదాపు అంతే కాలం పడుతుంది. శంకుస్థాపన జరిగిన ఏడాది ఆగస్టులో ఐటీఐలో చేరినవాడు ప్లాంటు నడిచేనాటికి పనిమంతుడై ఉంటాడు. ప్లాంటు పూర్తయ్యాక వెల్డర్లు కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే, పని అప్పటికే వచ్చిన వేరే రాష్ట్రాలవాళ్లు వచ్చి చేరతారు. అది వాళ్ల తప్పు కాదు, కంపెనీ తప్పూ కాదు. మనం మొదలుపెట్టడమే ఆలస్యం.

ఇలా ఆలస్యమైతే ఏమవుతుందో విశాఖ జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం చేసి, ప్రాణాలిచ్చి, 1971 జనవరిలో ఇందిరా గాంధీ చేత శంకుస్థాపన చేయించుకున్నాం. దాని కోసం వేల ఎకరాలిచ్చిన ఊళ్ల కుటుంబాలకు నిర్వాసితుల కార్డులు, అంటే ఆర్ కార్డులు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ తాతలు పోయారు, తండ్రులు ముసలివాళ్లయ్యారు, మనవలు ధర్నాలు చేస్తున్నారు. భూమి ఇచ్చిన ఇంటికి కార్డు ఇవ్వడంతో సరిపెట్టకుండా, ఆ ఇంటి పిల్లవాడికి అదే రోజు ఒక ట్రేడులో సీటు కూడా ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. పూడిమడక, నక్కపల్లి, బల్క్ డ్రగ్ పార్కు పక్కనున్న రాజయ్యపేట జనం ఇవాళ అదే మలుపులో నిలబడ్డారు. వాళ్లలో మత్స్యకారులున్నారు. సముద్రం తప్ప వేరే బతుకుతెరువు ఎరగని ఇళ్లు అవి. వాళ్లకు రేపటి కూలిపని గురించి కాదు, పదేళ్ల తర్వాతి ఉద్యోగం గురించి ఇప్పుడే మాట ఇవ్వాలి.

చట్టంతో ఉద్యోగాలు ఇప్పించవచ్చని మనం ఒకసారి అనుకున్నాం. 2019లో శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. అందులో జనం పెద్దగా పట్టించుకోని ఒక మాట ఉంది: తగిన నైపుణ్యం ఉన్న స్థానికులు దొరక్కపోతే, పరిశ్రమే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. నా లెక్కలో ఆ చట్టానికి ప్రాణం ఈ మాటే. 75 అనే అంకె మీద జరిగినంత చర్చ దీని మీద జరగలేదు. హర్యానా తెచ్చిన ఇలాంటి చట్టాన్ని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. స్థానికుడన్న ముద్రను కోర్టు కొట్టెయ్యగలదు. చేతికి వచ్చిన పనిని ఎవరూ కొట్టెయ్యలేరు.

శిక్షణ ఇచ్చిన కర్మాగారానికి నష్టమేమో, నేర్చుకుని వెళ్లిపోతారేమో అని యజమానులు భయపడుతుంటారు. వాళ్లకు హైదరాబాద్ మంచి జవాబు ఇచ్చింది. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ పెట్టారు. మందుల తయారీ పెద్దగా లేని ప్రాంతంలో ఒక తరం కెమిస్టులు, ఆపరేటర్లు, ఫిట్టర్లు అక్కడే పని నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది బయటికి వెళ్లారు. అలా వెళ్లినవాళ్లలో కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది గానీ, అది నేర్పిన పని జీడిమెట్ల నుంచి పాశమైలారం దాకా, అక్కడి నుంచి మన పరవాడ ఫార్మా సిటీ దాకా పాకింది. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, హెచ్‌ఎంటీల్లో పని నేర్చినవాళ్లు చిన్న చిన్న యూనిట్లు పెట్టుకోబట్టే బాలానగర్, చర్లపల్లి ఎదిగాయి. వెళ్లిపోయిన పనివాళ్లు ఆ ప్రాంతాన్ని వదిలిపోలేదు. పక్క వీధిలో షెడ్డు వేసుకున్నారు. ప్రాంతం బాగుపడిందంటే అలాగే.

విశాఖకూ ఈ సంప్రదాయం ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టిన సింధియా షిప్‌యార్డ్ నుంచి 1948లో జల ఉష నౌక నీటిలోకి దిగింది. తర్వాతి కాలంలో డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్లో సీటు వచ్చిందంటే మల్కాపురం, గాజువాక ఇళ్లలో పండగ. ఆ రోజుల్లో అప్రెంటిస్ అనే మాటకు ఊళ్లో గౌరవం ఉండేది. ఇప్పుడు అదే మాట అంటే, తక్కువ డబ్బుకు ఏడాది పని చేయించుకుని పంపేసే పద్ధతి అని పిల్లలు అనుకుంటున్నారు. కొన్ని చోట్ల అలా జరుగుతోంది కూడా.

చట్టం లేక కాదు. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచి ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం ముప్పై మంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికుల్ని కూడా ఆ లెక్కలో కలపాలి. ఆ నిబంధనలు స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5 వేల నుంచి 9 వేల దాకా పెట్టాయి. కేంద్రం అందులో పావు వంతు, గరిష్ఠంగా 1500 రూపాయలు, నేరుగా పిల్లవాడి ఖాతాలో వేస్తోంది. ఇక మిగిలింది అమలు. అచ్యుతాపురం, పరవాడ, ఆటోనగర్‌లలో ముప్పై మంది దాటిన యూనిట్లు ఎన్ని, వాటిలో అప్రెంటిస్‌లను తీసుకున్నవి ఎన్ని, ఎన్ని ట్రేడుల్లో, ఎంతమందిని? ఈ పట్టిక మీ శాఖ ఏటా జిల్లాలవారీగా బయటపెడితే చాలు. ఎవరు నేర్పుతున్నారో, ఎవరు నేర్పకుండా వాడుకుంటున్నారో జనానికే తెలుస్తుంది.

ఇక నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. ఐటీఐ.

దేశంలో ఐటీఐలు 14 వేలకు పైనే ఉన్నాయి. మూడొంతులకు మించి ప్రైవేటువి. ఇంత పెద్ద యంత్రాంగం ఉండీ, పనిచేసే వయసున్న వందమందిలో సక్రమమైన వృత్తి శిక్షణ పొందినవాళ్లు ఐదుగురికి లోపే అని కేంద్రం సర్వేలే చెబుతున్నాయి. ఉన్న ఐటీఐల్లోనైనా పిల్లవాడికి నిజంగా పని వస్తోందా అని చూడాలంటే భవనం చూడకండి. రాడ్ల స్టాకు రిజిస్టరు చూడండి. వెల్డింగ్ నేర్చుకునేవాడు రోజూ రాడ్లు కాల్చాలి. రాడ్లు, ప్లేట్లు, ఆర్గాన్ సిలిండర్లకు డబ్బు చాలకపోతే ఇన్‌స్ట్రక్టర్ ఒక్కడు చేసి చూపిస్తాడు, ఇరవై మంది చుట్టూ నిలబడి చూస్తారు. సర్టిఫికెట్ అందరికీ వస్తుంది. చెయ్యి ఎవరికీ రాదు. అలాంటి పిల్లలు నాకు బజార్లో కనబడి "సార్, సైటు మీద హెల్పర్‌గా చేస్తున్నాను" అంటుంటే, వాళ్ల కళ్లలోకి సూటిగా చూడడం కష్టంగా ఉంటుంది. ఫిట్టర్లదీ అదే సంగతి. ఐసోమెట్రిక్ డ్రాయింగ్ చదవడం రానివాడు ఎన్నేళ్లు చేసినా హెల్పరే. డ్రాయింగ్ చదివినవాడు ఫోర్‌మన్ అవుతాడు. ఆ తేడా ఒక మంచి టీచరు చెప్పే ఆరు నెలల పాఠం.

ఇన్‌స్ట్రక్టర్ మాట అందుకే నొక్కి చెబుతున్నాను. మీ ప్రభుత్వం రాగానే ముఖ్యమంత్రిగారు సంతకం చేసిన మొదటి ఐదు ఫైళ్లలో మెగా డీఎస్సీ ఉంది, నైపుణ్య గణన ఉంది. డీఎస్సీ ద్వారా 16,347 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అది మంచి పని. ఐటీఐల ఏటీవో, డీటీవో (డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసర్) పోస్టులకు కూడా అంతే పట్టుదల కావాలి. ఒక ట్రేడుకు రెగ్యులర్ ఇన్‌స్ట్రక్టర్ లేక, గెస్ట్‌గా వచ్చినాయన ఏడాది మధ్యలో మంచి జీతం దొరికి వెళ్లిపోతే, ఆ బ్యాచ్ అక్కడితో ఆగిపోతుంది. స్కూల్లో లెక్కల సారు లేకపోతే తల్లిదండ్రులు గొడవ చేస్తారు. ఐటీఐలో వెల్డింగ్ సారు లేకపోతే అడిగేవాళ్లు లేరు, ఎందుకంటే అక్కడ చదివేవాళ్లు పేదింటి పిల్లలు. జిల్లాలవారీగా ఏ ఐటీఐలో ఏ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టర్ లేరో ఆ జాబితా మీ దగ్గరుంది. దయచేసి ప్రకటించండి.

ఉక్కు ప్లాంటు, షిప్‌యార్డు, బీహెచ్‌ఈఎల్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వెల్డర్లు, మెషినిస్టులు, రిగ్గర్లు గాజువాక చుట్టుపక్కల వందల్లో ఉన్నారు. డిప్లొమా లేదని వాళ్లను వర్క్‌షాపు గుమ్మంలోనే ఆపకండి. వారానికి రెండు రోజులు గౌరవ వేతనం ఇచ్చి పిలిస్తే సంతోషంగా వస్తారు. పుస్తకంలో లేని పాఠాలు వాళ్ల వేళ్లలో ఉన్నాయి. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు.

డబ్బు లేదనడానికి ఈసారి వీల్లేదు. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను బాగుచేయడానికి 60 వేల కోట్ల పథకం ఆమోదించింది. అందులో కేంద్రం వాటా 30 వేల కోట్లు, రాష్ట్రాలది 20 వేల కోట్లు, పరిశ్రమలది 10 వేల కోట్లు. 200 ఐటీఐలు హబ్‌లు, 800 వాటికి అనుబంధం. అక్టోబరులో పీఎం-సేతు పేరుతో అది మొదలైంది. తెలంగాణ అంతకంటే ముందే 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. ఉత్తరాంధ్రకు ఒక హబ్ రావాలి, దాని బాధ్యత ఇక్కడికి వచ్చే పెద్ద పరిశ్రమే తీసుకోవాలి. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. కొత్త రోబో ఆర్మ్ కొని అద్దాల గదిలో పెట్టి, దాన్ని నడిపే ఇన్‌స్ట్రక్టర్ లేక తాళం వేసే పరిస్థితి రానివ్వకండి. ముందు మనిషి, తర్వాత యంత్రం.

గూగుల్ వస్తోందంటే పిల్లలంతా కోడింగ్ వైపే చూస్తున్నారు. డేటా సెంటర్ నడవాలంటే ఇరవై నాలుగు గంటలూ కరెంటు నిలబెట్టే ఎలక్ట్రీషియన్లు, చల్లదనం తగ్గకుండా చూసే ఏసీ మెకానిక్‌లు, జనరేటర్ మెకానిక్‌లు, కేబుల్ పనివాళ్లు కావాలి. ఇవన్నీ ఐటీఐ ట్రేడులే. భీమిలి, ఆనందపురం పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

రసాయన పరిశ్రమల విషయంలో శిక్షణ ఉద్యోగంతో ఆగేది కాదు, ప్రాణాలతో ముడిపడింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఒక ద్రావకం ఎంత వేడికి ఆవిరవుతుంది, వాసన రాగానే ముందు ఏ వాల్వు కట్టాలి, ఏ స్విచ్చు ముట్టుకోకూడదు అన్నవి లైను మీద నిలబడే ఆఖరి కాంట్రాక్టు కార్మికుడికి కూడా తెలిసి ఉండాలి. అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ అని రెండేళ్ల ట్రేడు ఉంది. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కు మొదలయ్యేలోపు అనకాపల్లి జిల్లాలో దానికి సీట్లు పెంచండి. రెండు రోజుల ఇండక్షన్ ఇచ్చి సంతకం పెట్టించుకుని రియాక్టర్ల దగ్గరికి మనుషుల్ని పంపే పద్ధతి ఆగాలి.

ఆడపిల్లల సంగతి మరిచిపోకూడదు. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ వచ్చాక వేలమంది ఆడపిల్లలు ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి పనిచేస్తున్నారు. ఊరి దాకా బస్సు వస్తే, లోపల భద్రత ఉంటే వాళ్లు వస్తారని అక్కడే రుజువైంది. కుట్టుమిషను ఒక్కటే ఆడవాళ్ల యంత్రమని ఎవరు చెప్పారు? ఆర్గాన్ వెల్డింగ్‌కు కావలసింది కండబలం కాదు, చెయ్యి వణక్కపోవడం. పాడేరు, అరకు పిల్లలకైతే సీటుతో పాటు హాస్టలు కూడా ఉండాలి. కొండ దిగి రోజూ వచ్చిపోవడం కుదరదు.

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి వైపు వెళ్లి అడగండి. ప్రతి ఊళ్లోనూ గల్ఫ్‌కో, సింగపూర్‌కో, జామ్‌నగర్ రిఫైనరీ షట్‌డౌన్ పనులకో వెళ్లిన వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఉంటారు. ప్రభుత్వం నేర్పిన పని కాదది. అప్పుచేసి ప్రైవేటు కోచింగ్‌లో రాడ్లు కాల్చి, ఏజెంటుకు డబ్బు కట్టి, ట్రేడ్ టెస్టు పాసై వెళ్లారు. ప్రపంచంలో పెద్ద పెద్ద రిఫైనరీల పైపులు అతికిన చేతులు ఆ ఊళ్లవి. ఇంటికి కొన్ని గంటల దూరంలో అదే పని, మర్యాదైన జీతంతో దొరికితే వాళ్లలో చాలామంది తిరిగొస్తారు. వచ్చినవాళ్లే రేపటి ఇన్‌స్ట్రక్టర్లు. వాళ్ల పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు జిల్లాలోనే చెయ్యండి.

మంత్రిగారూ, విశాఖలో పెద్ద ఐటీ కంపెనీలకు 99 పైసల నామమాత్రపు ధరకు భూమి ఇచ్చారు. ఉద్యోగాల కోసమే కదా అని జనం ఒప్పుకున్నారు. భూమి, నీళ్లు, కరెంటు రాయితీ ఇచ్చే ప్రతి జీవోలో ఇంకొక్క షరతు చేర్చమని నా మనవి. పని మొదలుపెట్టిన ఏడాదే, భూములిచ్చిన మండలాల పిల్లల్ని ఇంతమందిని, ఈ ట్రేడుల్లో, ఈ ఐటీఐ ద్వారా తయారుచేసి, అప్రెంటిస్‌లుగా తీసుకుంటామని కంపెనీ రాసివ్వాలి. ఏటా రాయితీ విడుదల చేసేముందు ఆ పిల్లల పేర్లు, హాజరు, వాళ్లు చేసిన జాయింట్లు చూడాలి. జాబ్ మేళాలో ఎన్ని ఆఫర్ లెటర్లు పంచారన్న లెక్క దీనికి సరిపోదు. ఏడాది తర్వాత ఎంతమంది అదే పనిలో ఉన్నారన్నది కావాలి.

ఆగస్టులో ఐటీఐ కొత్త బ్యాచ్ మొదలవుతుంది. ఆలోపు ఉత్తరాంధ్ర ఐటీఐలలో ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వండి, రాడ్లకూ ఆర్గాన్‌కూ బడ్జెట్ విడుదల చెయ్యండి. పూడిమడక, నక్కపల్లి, రాజయ్యపేట ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చేర్పించే పనికి మా రిటైరైన ఇన్‌స్ట్రక్టర్లను పిలవండి. పిలిచిన రోజే వస్తాం.

ఇట్లు,
విశ్రాంత వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్,
గాజువాక